ఫ్యాక్టరీ అనుమతులకు లాయర్: జీతం మీదా, రిటైనర్ మీదా?

మందుల ఫ్యాక్టరీకి కాలుష్య నియంత్రణ మండలితో, ఔషధ నియంత్రణ శాఖతో ఏడాది పొడవునా పనే. జీతం మీద పెట్టుకున్న లాయర్ రోజూ లోపలే ఉంటాడు. కన్సెంట్ (మండలి ఇచ్చే అనుమతి) ఉత్తర్వులో వ్యర్థజలం రోజుకు 40 కిలోలీటర్లని ఉండి, ఫ్లోమీటర్ 52 చూపిస్తుంటే తనిఖీకి ముందే పట్టుకోగలిగేది ఆయనే. రిటైనర్ మీద, అంటే నెల ఫీజుకు, పెట్టుకున్న బయటి లాయర్‌కు ఆ సంగతి నోటీసు వచ్చాకే తెలుస్తుంది.

కానీ బార్ కౌన్సిల్ రూల్ 49 ప్రకారం పూర్తికాలం జీతానికి చేరినవారు ప్రాక్టీస్ ఆపేయాలి. కోర్టుకెళ్లాల్సి వస్తే మళ్లీ ఇంకో అడ్వకేట్‌ను పెట్టుకోవాల్సిందే. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: అడ్వకేట్‌తో మాట్లాడిన విషయాలకు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 132 ఇచ్చే గోప్యత జీతం మీదుండే ఇన్‌హౌస్ లాయర్‌కు వర్తించదని సుప్రీంకోర్టు 2025లో తేల్చింది. అందుకే లోపాల చిట్టా ఈమెయిల్లో రాసే ముందు ఆలోచించండి.

రిటైనర్ అయితే ఒప్పందంలోనే తగాదా మొదలవుతుంది. షోకాజ్ జవాబు, విచారణకు హాజరు, అప్పీలు: ఏది నెల ఫీజులో, ఏది విడిగా అన్నది రాయించుకోండి. నీటి చట్టం కింద కన్సెంట్ తిరస్కరణపై అప్పీలుకు గడువు 30 రోజులే. ఫీజు బేరానికే పది రోజులు పోతే కష్టం. పని అయితేనే ఫీజు అనేవాళ్లను వదిలేయండి, బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. "పై ఖర్చులు" అంటే అసలు వద్దు. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 9 కింద మీ తరఫున ఎవరు లంచమిచ్చినా కంపెనీ ముద్దాయి అవుతుంది.

ఒక్క యూనిట్ ఉంటే మా ఓటు రిటైనర్‌కే, గడువులు చూసే పర్యావరణ అధికారి లోపల ఉంటే. మూడు యూనిట్లు దాటితే జీతం మీద మనిషి తప్పదు.