పుల్సా, పానిసా? పాత రోమన్ల తిండిలో ఏది మేలు?

రోమన్లు అనగానే రొట్టె గుర్తొస్తుంది గానీ, వాళ్ల పాత కూడు మన సంకటికి దగ్గరి చుట్టం. పేరు పుల్స్. ఫార్ అనే గోధుమ నూకని నీళ్లలో ఉడికించి చేసేవారు. కర్ణాటక, మహారాష్ట్రల్లో ఖప్లీ అంటారే, ఆ జాతే ఇది. గింజకి పొట్టు గట్టిగా పట్టి ఉంటుంది, వేయించి దంచితే గానీ ఊడదు. ఇలా దంచేవాడే పిస్టోర్. తర్వాత ఆ మాట రొట్టెలు కాల్చేవాడికి వెళ్లిపోయింది. ఫార్ నుంచే పిండికి ఫారినా అనే పేరొచ్చింది.

రొట్టెని పానిస్ అన్నారు. నగరం పుట్టాక 580 ఏళ్లు దాటేదాకా, అంటే క్రీ.పూ. 171లో మొదలైన మాసిడోనియా యుద్ధం నాటిదాకా, రోమ్‌లో రొట్టెలు కాల్చడమే వృత్తిగా ఉన్నవాళ్లు లేరని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఇళ్లలో ఆడవాళ్లే చేసేవారట.

వండుకునే తిప్పలు చూస్తే పుల్స్‌దే పైచేయి. కుండ, నిప్పు ఉంటే చాలు. రొట్టెకి మెత్తటి పిండి కావాలి, పులవాలి, పెద్ద పొయ్యి కావాలి. కానీ రోమ్‌లో పేదలు ఉండేది అంతస్తుల మీద అంతస్తుల ఇళ్లలో, చాలా గదుల్లో వంటకి చోటే లేదు. వాళ్లకి కొనుక్కుని చంకలో పెట్టుకెళ్లే రొట్టే సుఖం. అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి ఊళ్లో ఒక్క బేకరీ పొయ్యిలోనే 81 రొట్టెలు మాడి దొరికాయి. తమాషా ఏమిటంటే, ప్రభుత్వం పౌరులకి రోమన్ కొలతలో నెలకి 5 మోడియస్‌లు, సుమారు 33 కిలోలు, పంచిపెట్టింది గింజల్నే. విసరడం, కాల్చడం ఎవరి తంటా వాళ్లదే. రొట్టెలే పంచడం క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఆరేలియన్ చక్రవర్తి కాలంలో వచ్చింది.

రొట్టెలోనూ హోదాలున్నాయి: తెల్లటిది సిలిగినేయుస్, ముతకది సిబారియుస్. అగస్టస్ చక్రవర్తి మాత్రం మేలు రకం కాకుండా రెండో తరగతి రొట్టే ఇష్టంగా తినేవాడట.

పోలెంటా అనే మరో తిండి సంగతి ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అది వేయించిన బార్లీ, ఇప్పటి ఇటలీ మొక్కజొన్న వంటకం కాదు. తప్పు చేసిన సైనికులకి గోధుమ మానిపించి బార్లీ పెట్టేవారు, కాబట్టి దానికున్న పరువు ఏపాటిదో తెలుస్తూనే ఉంది.

నన్నడిగితే ఇంట్లో పుల్స్, బయట పానిస్. అదీ రోమన్ రచయిత కేటో రాసిపెట్టిన, ఉత్తర ఆఫ్రికా నగరం కార్తేజ్ పద్ధతి పుల్స్: ఒక పౌను నూకకి మూడు పౌన్ల తాజా జున్ను (చీజ్), అర పౌను తేనె, ఒక గుడ్డు. నూక కన్నా జున్నే మూడింతలు! దీన్ని పేదల తిండి అంటే నేనొప్పుకోను.

రొట్టె గెలిచింది, నిజమే. కానీ రొట్టెలోకి నంజుకునేదాన్ని కూడా వాళ్లు పుల్మెంటారియుమ్ అనే పిలిచారు. ఆ మాటలో ఉన్నది పుల్సేనని రోమన్లే చెప్పుకున్నారు.