అనకాపల్లి మెట్టల్లో 87ఎ298: ఏ పొలానికి సరిపోతుంది, ఎక్కడ వద్దు

అనకాపల్లి, చోడవరం, మాడుగుల వైపు బెల్లం కోసం చెరకు వేసేవారికి ఒక్క రకమే చెప్పమంటే మా మాట 87ఎ298. విశ్వామిత్ర అన్నా, కో ఎ 92081 అన్నా ఇదే. త్వరగా పక్వానికి వస్తుంది. వానమీద ఆధారపడ్డ మెట్టలోనూ, అరకొర తడులున్న చోటా నిలబడుతుంది. కార్శి తోట (నరికిన దుబ్బుల నుంచి మళ్ళీ పెరిగే పంట) బాగా పిలకలేస్తుంది. బెల్లం గట్టిగా, మంచి రంగుతో దిగుతుంది. ఈ నాలుగూ ఒకే రకంలో దొరకడం అరుదు కాబట్టే ఇన్నేళ్ళయినా ఈ ప్రాంతం దాన్ని వదల్లేదు.

అయితే కోత నెల తెలియకుండా దీన్ని నాటకండి. త్వరగా పండే రకాలన్నిటికీ ఉన్న ఇబ్బందే దీనికీ ఉంది: పక్వమయ్యాక తోటలో నిలబెడితే గడలోని చక్కెర విరిగి గ్లూకోజు పెరుగుతుంది. ఎండలు ముదిరాక నరికిన గడల పాకం సరిగా గట్టిపడదు, అచ్చులు చెమరుస్తాయి. గానుగ ఒకటే ఉండి ఎకరాలు ఎక్కువైతే పొలమంతా దీనితోనే నింపకుండా కొంత భాగానికి మధ్యకాలిక రకం వేసుకోవాలి. కోత రోజును కళ్ళతో అంచనా వేయకండి. రసం తీపి ఎంతో చూపే చేతి బ్రిక్స్ మీటరుతో గడ అడుగు కణుపు రసం, పై కణుపు రసం విడివిడిగా చూడండి. బ్రిక్స్ 18 దాటి, పై రీడింగును అడుగు రీడింగుతో భాగిస్తే 0.95కు చేరితే పండినట్టు. అడుగున తీపి ఉండి పైన చప్పగా ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగాలి. పైనే ఎక్కువ చూపిస్తే ఆలస్యమైపోయినట్టే.

రకం పేరులోనే కొంత సమాచారం ఉంటుంది. 87ఎ298లో ఎ అంటే అనకాపల్లి, 2003వి46లో వి అంటే ఉయ్యూరు, 83ఆర్23లో ఆర్ అంటే రుద్రూరు. కో 86032 లాగా కో వెంటనే అంకె వచ్చేవాటి మూలం కోయంబత్తూరు. ఏ నేల, ఏ వాన మధ్య పరీక్షించి ఎంపిక చేశారో దీన్నిబట్టి కొంత ఊహించవచ్చు. పుట్టినచోటే బాగుంటుందని నియమం లేదు గానీ అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

వర్షాధారపు మెట్టలో రకం ఎంత మంచిదైనా నాటే పద్ధతి తోడవ్వాలి. ముచ్చెలను (నాటడానికి కోసిన గడ ముక్కలను) 10 శాతం సున్నపు తేట నీటిలో గంటసేపు నానబెడితే బెట్టలోనూ మొలక బాగుంటుంది. నాటిన మూడో రోజున ఎకరాకు 1.25 టన్నుల చెరకు చెత్త పరచాలి. ఇది తేమ నిలపడంతో పాటు వేసవిలో లేత పిలకలను తొలిచే పీక పురుగును కూడా తగ్గిస్తుంది. బెట్ట తగిలితే లీటరు నీటికి యూరియా 25 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 25 గ్రాములు కలిపి పిచికారీ చేయాలి. నత్రజనిని 90 రోజుల లోపే ముగించండి. ఆలస్యంగా వేసిన యూరియా గడను లావు చేస్తుంది, బెల్లాన్ని మెత్తబరుస్తుంది.

కో 86032ను చాలామంది మహారాష్ట్రలో చూసి వచ్చి అడుగుతారు. 2000లో ద్వీపకల్ప మండలానికి విడుదలైన రకం. నల్లరేగడిలో, పొడి వాతావరణంలో, చక్కెర మిల్లుకు తోలే రైతుకు దానికి పోటీ తక్కువ, కార్శి కూడా చక్కగా వస్తుంది. మన తీరంలో మురుగు పోయే ఎత్తు నేలల్లో పెట్టొచ్చు. వానాకాలం నీళ్ళు నిలిచే పల్లంలో మాత్రం మేము సిఫారసు చేయం. మంచి నీటి వసతి, మంచి ఎరువు ఉండి టన్నుల లెక్కన అమ్ముకునేవారు 2003వి46 చూడాలి.

పల్లపు భూమిలో అసలు భయం ఎర్రకుళ్ళు అనే శిలీంధ్రపు తెగులు. నిలిచిన నీరే దాన్ని మడి నుంచి మడికి మోస్తుంది. మూడో నాలుగో ఆకు వాడి ఎండితే గడ చీల్చి చూడండి: లోపల ఎరుపు, దాని మధ్య అడ్డంగా తెల్లమచ్చలు, పులిసిన వాసన ఉంటే అదే. దానికి మందు లేదు. దుబ్బుతో సహా తవ్వి కాల్చాలి, ఆ తోటను కార్శికి ఉంచకూడదు, తర్వాత వరి వేసి మార్చాలి. తట్టుకునే శక్తి ఏ రకానికీ శాశ్వతం కాదు. ఒకప్పుడు ఈ ప్రాంతపు బెల్లానికి పేరు తెచ్చిన కో 997 ఇలాగే పోయింది. ఉత్తరప్రదేశ్‌లో చెరకు విస్తీర్ణంలో అత్యధిక భాగం ఆక్రమించిన కో 0238 మీద కూడా కొత్త తెగ శిలీంధ్రం విరుచుకుపడింది. ఊరంతా ఒకే రకం వేయడం ప్రమాదమని మేము పట్టుబట్టేది ఇందుకే.

చౌడు నేలలో రకం ఎంపిక కంటే ముందు మురుగు కాలువ తవ్వండి. క్లోరైడ్లు గడలోకి ఎక్కితే ఏ రకం బెల్లమైనా ఉప్పగా, నల్లగా వస్తుంది.

ఇక విత్తనం. మంచి రకాన్ని పాడుచేసేది ఎక్కువగా ఇదే. 7-8 నెలల ఆరోగ్యమైన విత్తనపు తోట నుంచే తీసుకోండి. ఎకరాకు మూడు కళ్ళ ముచ్చెలు 16,000 కావాలి. కార్బెండజిం లీటరుకు అర గ్రాము కలిపిన నీటిలో 15 నిమిషాలు ముంచండి. ఇది పైపై శిలీంధ్రాన్నే ఆపుతుంది, గడ లోపలున్న ఎర్రకుళ్ళును పోగొట్టదు. కార్శి మొక్క కురచబారే తెగులుకు 50 డిగ్రీల వేడినీటిలో 2 గంటల శుద్ధి అవసరం. విత్తనపు తోటలో కాటుక తెగులు నల్ల కొరడా (మొవ్వు నుంచి కొరడాలా పొడుచుకొచ్చే నల్లపొడి కాడ) ఒక్కటి కనిపించినా ఆ విత్తనం కొనవద్దు. మొక్క తోటలో (ముచ్చెలు నాటిన మొదటి పంటలో) ఒకటి ఉంటే కార్శిలో పది తేలతాయి. మీ తోటలోనే కనిపిస్తే కొరడాను గోనె సంచితో కప్పి, దుబ్బు మొత్తం తీసి కాల్చండి. కప్పకుండా లాగితే పొడి చేనంతా రాలుతుంది.

కొత్త రకం వేయాలనుకుంటే ముందు పది సెంట్లలో మీ పాత రకం పక్కనే అదే రోజు నాటి, కార్శి కూడా చూశాకే ఎకరాలకు పెంచండి. మొక్క తోట దిగుబడి ఒక్కటే చూసి ఏ రకాన్నీ మంచిదనుకోవద్దు.