ఓపీలో అడగాలా, వాట్సాప్‌లో అడగాలా?

“మాత్రలు వేళకి వేసుకుంటున్నారా?” అని ఓపీలో అడిగితే నిజం చెప్పేవాళ్లు ఎందరు? విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో అయినా, ఎంవీపీ కాలనీ క్లినిక్‌లో అయినా, వెనకాల క్యూ తోసేస్తుంటే “ఆఁ, వేసుకుంటున్నానండి” అనేసి లేచొస్తాం. అదే మనిషి రాత్రి పదింటికి షుగర్ రోగుల వాట్సాప్ గ్రూపులో బయటపడతాడు: “నెలాఖరు కదా, మాత్ర సగం విరిచి వేసుకుంటున్నా. కాళ్లు తిమ్మిర్లొస్తున్నాయి. మీకూ అంతేనా?” ఈ ముక్క ఏ కేస్‌షీటులోకీ ఎక్కదు.

అందుకే, దీర్ఘరోగంతో రోజులెలా గడుస్తున్నాయో తెలుసుకోవాలంటే, ఆసుపత్రి కాగితాలు, సర్వే ఫారాల కంటే నా ఓటు సోషల్ మీడియాకే. ఉత్త కబుర్లేగా అంటారేమో. కండరాలు చచ్చుబడే ఏఎల్‌ఎస్ జబ్బును లిథియం అనే మందు నెమ్మదింపజేస్తుందని 2008లో ఇటలీలో ఓ చిన్న అధ్యయనం చెప్పింది. పేషెంట్స్‌లైక్‌మీ అనే ఆన్‌లైన్ వేదికలో లిథియం వాడిన 149 మంది తమ పరిస్థితిని తామే నమోదు చేసుకున్నారు. మందు వాడని అలాంటి రోగులతో పోల్చి చూస్తే తేడా ఏమీ కనబడలేదు. 2011లో ఆ ఫలితం అచ్చయింది. ఆసుపత్రుల్లో చేసిన పరీక్షలూ చివరికి ఆ మాటే చెప్పాయి.

మరి జబ్బు ఎంతమందికుందన్న లెక్క? అక్కడ వాట్సాప్ చతికిలబడుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కిడ్నీ జబ్బునే చూడండి. డయాలసిస్‌కి విశాఖ దాకా వచ్చేవాళ్లే మన కంటపడతారు. కిడ్నీ జబ్బు మొదట్లో ఏ లక్షణమూ చూపించదు. తనకు జబ్బుందని తెలియనివాడు జబ్బు గ్రూపులో ఎందుకుంటాడు? జీడితోటలో పనిచేసుకునే ఆ మనిషి కోసం ఊళ్లోకే వెళ్లాలి, రక్తం తీసి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి.

ఇంకో చిక్కు: జబ్బు తండ్రిది, ఫోను కొడుకుది. “నాన్నగారికి బానే ఉంది” అని టైపు చేసేది కొడుకే.

గుట్టు విషయంలో మాత్రం సర్వేవాళ్ల కాగితం ఫారమే నయం. ఎందుకడుగుతున్నారో రాసి ఉంటుంది, మన సంతకం ఉంటుంది. గ్రూపులో ఎవరో చడీచప్పుడు లేకుండా చేరి మన మెసేజ్‌లు కాపీ చేసుకుపోతే? ఫోన్ నంబరు పక్కనే ఉంటుందాయె. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ఫిట్స్ సంగతి బయటికి పొక్కితే ఏమవుతుందో వేరే చెప్పాలా.

నన్నడిగితే, సభ్యుల అనుమతి తీసుకుని ముందు గ్రూపులో వినాలి, ఏం అడగాలో అక్కడ నేర్చుకోవాలి, ఆ తర్వాత ఫారం పట్టుకుని ఇల్లిల్లూ తిరగాలి. “మాత్ర సగం విరుస్తారా?” అన్న ప్రశ్న అందులో ఉండాలి. జవాబు చెప్పింది రోగా, కొడుకా అని రాసుకోవడానికి ఓ గడి కూడా.