పాత చిత్రిక, పాత ఉలులు: సముద్రపు గాలిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

విశాఖ పాతపట్నంలోని ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో కొన్న కొయ్య చిత్రికనూ (కర్రను గీసి నునుపు చేసే పనిముట్టు) మూడు ఉలులనూ కొన్నేళ్లుగా వాడుతున్నాను. చేతి పనిముట్లతో వడ్రంగం నేర్చుకోదలచిన వారు కొత్తవాటికి డబ్బు పెట్టే ముందు ఇలాంటివి వెతకడమే మేలని నా అభిప్రాయం; అయితే పిడి నునుపును కాదు, ఉక్కును చూసి ఎంచుకోవాలి.

నా చిత్రిక బ్లేడును మొదటిసారి సానపట్టినప్పుడు ఏటవాలు భాగంలో అంచు వెంబడి సన్నని మెరిసే చార, దాని వెనుక మసక బూడిదరంగు ఇనుము విడివిడిగా కనిపించాయి. గట్టి ఉక్కు రేకును మెత్తని ఇనుముకు కొలిమిలో అతికించే పాత పద్ధతికి అది ఆనవాలు. ఇనుము సానకు తొందరగా లొంగుతుంది, ఉక్కు పదునును నిలుపుతుంది, కాబట్టి సానపట్టడం నేర్చుకునే చేతికి ఇంతకంటే అనుకూలమైనది లేదు. ఏటవాలును 25 డిగ్రీలకు అరగదీసి, కొసను మాత్రం 30 డిగ్రీలకు తీరుస్తాను. బ్లేడు వెనుక వైపు, అంచు పొడవునా, సన్నని గరుకు వేలికి తగిలేదాకా ఏటవాలును రుద్దడం ఆపకూడదు. ఆ వెనుక వైపు చదునుగా లేకపోతే పడిన శ్రమంతా వృథా.

ఏటికొప్పాకలో అంకుడు కర్రతో లక్క బొమ్మలు చేసే కళాకారుల పనిని చూస్తే, ఉలి పదును మీద వారికి ఎంత శ్రద్ధో అర్థమవుతుంది. అంకుడు మెత్తని, సన్నని పోగున్న కర్ర కనుక కొత్తవారి చేతికి సులువుగా లొంగుతుంది. టేకు అలా కాదు. అందులో సహజంగా ఉండే సిలికా పదునును త్వరగా తినేస్తుంది, మధ్యమధ్యలో సాన దగ్గరకు వెళ్లక తప్పదు.

మన ఊళ్లో అసలు ఇబ్బంది తుప్పు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది కాబట్టి, పని ముగిశాక బ్లేడును పొడిగుడ్డతో తుడిచి పలుచగా మిషన్ నూనె పూయకపోతే తెల్లవారేసరికి ఎర్రటి చుక్కలు కనబడతాయి. తోలు సంచిలో దాస్తే తేమ లోపలే నిలిచి తుప్పు మరింత పెరుగుతుంది. వానకాలంలో కొయ్య ఉబ్బి బ్లేడును బిగించే చీల ఇరుక్కుపోతుంది. అందుకే పని లేనప్పుడు దాన్ని వదులుచేసి ఉంచుతాను. ఈ జాగ్రత్తలు భారమనిపించే వారికి ఇనుప చిత్రిక కూడా ఊరట కాదు, దానికి తుప్పు పట్టే చోటు ఇంకా ఎక్కువ.

కొనేటప్పుడు బ్లేడు పొడవు ఎంత మిగిలిందో, అంచు దగ్గర లోతైన తుప్పు గుంటలు ఉన్నాయేమో చూడండి. పైపై తుప్పు రుద్దితే పోతుంది, గుంటలు పోవు. ప్లైవుడ్ మీద మాత్రం ఈ పనిముట్లను వాడవద్దు; అందులోని జిగురు పదునును క్షణాల్లో చెడగొడుతుంది.