నాయిన పటం కట్టించాలంటే: హన్మకొండ చౌరస్తా ఫొటో దుకాణం పనితనం

హన్మకొండ చౌరస్తా దగ్గరి గల్లీలో పాత ఫొటోలు బాగుచేసి పటం కట్టిచ్చే చిన్న దుకాణం ఇది. నాయిన ఫొటోనో తాత ఫొటోనో పట్టుకొని వచ్చేవాళ్ళే ఎక్కువ. ఇక్కడి పనిలో మాకు బాగా నచ్చింది, ముఖం జోలికి పోకపోవడం. ఫోన్ యాప్‌లు నిమిషంలో మడతలు తీసేస్తాయి, వాటితోపాటు నుదుటి గీతలు, చెంప మీది పుట్టుమచ్చ, బీడీకి నల్లబడ్డ పెదవి కూడా పోతాయి. మిగిలేది ఎవరో పెద్దమనిషి బొమ్మ. ఇక్కడ మడత పడ్డ గీతను మాత్రమే పక్క భాగం చూసి పూడుస్తారు. చెవి సగం చిరిగిపోయి ఉంటే ఊహించి గీయరు, ఇంకో ఫొటో తెమ్మంటారు. నలుపు తెలుపు ఫొటోకు రంగులు వేయమని అడగకపోవడమే మేలు. రుమాలు ఏ రంగుదో కంప్యూటర్‌కు తెలియదు.

సైజు విషయంలో మొహమాటం లేకుండా చెబుతారు. పాస్‌పోర్టు ఫొటోను 1200 డీపీఐలో, అంటే అంగుళానికి 1200 చుక్కల లెక్కన స్కాన్ చేస్తే, 8×10 అంగుళాల ప్రింటుకు అంగుళానికి 200 చుక్కలకు పైనే వస్తాయి. అదే 12×18 చేస్తే 120 లోపే. దూరం నుంచి బాగానే ఉంటుంది, దగ్గరికి పోతే కళ్ళు మసక. చిన్న ఫొటోకు 8×10 ప్రింటే తీసి, చుట్టూ వెడల్పాటి మౌంటు (దళసరి అట్ట అంచు) పెట్టి పెద్ద పటం కట్టించుకోవచ్చు. ఫోన్‌లో ఉన్న ఫొటో అయితే వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి. మామూలుగా పంపితే సగం వివరం పోతుంది. గరుకు కాగితం మీది పాత ఫొటోలు స్కానర్‌లో తెల్ల చుక్కలుగా మెరుస్తాయి, వాటిని రెండు పక్కల నుంచి వాలుగా లైటు వేసి కెమెరాతో తీస్తారు. అద్దానికి అంటుకున్న ఫొటోను మాత్రం ఇంట్లో పీకకండి, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. అద్దంతో సహా తీసుకుపోతే అలాగే కాపీ తీస్తారు. అసలు ఫొటోకు లామినేషన్ వద్దు, ఒకసారి చేస్తే మళ్ళీ ఊడదు.

పటం కట్టే దగ్గర కొంచెం అడిగి చేయించుకోవాలి. అడగకపోతే ప్రింటును నేరుగా అద్దానికి ఆనించి బిగిస్తారు. వానకాలం చెమ్మకు అది అద్దానికి పట్టేస్తుంది. మధ్యలో మౌంటు బోర్డు పెట్టమనండి, ఆ సందు చాలు. ఇంకోటి, బొట్టు. అద్దం మీద గంధం తడిపి పెడితే నీళ్ళు కిందికి జారి ఫ్రేము గాడిలో నిలుస్తాయి. చెక్కపొడి ఫ్రేము అయితే ముందు కింది చట్రం ఉబ్బుతుంది, తర్వాత ప్రింటు అంచు అలలు తేలుతుంది. అద్దం అంచు చుట్టూ టేపు వేసి బిగించమంటే ఈ బాధ ఉండదు. వెనక కింది మూలల్లో రెండు రబ్బరు బిళ్ళలు అతికిస్తే గోడ చెమ్మ తగలదు. పూలదండకు వేరే మేకు కొట్టండి, పటం కొక్కెం మీద బరువు పడొద్దు.

ఇక్కడి పెద్ద లోటు తెలుగు అక్షరాలు. వాట్సాప్‌లో పంపిన పేరును ‘అను’ అనే పాత పద్ధతి తెలుగు ఫాంటులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి. ప్రింటుకు ముందు ప్రూఫ్ తీయించి, ఇంట్లో ఇద్దరు అక్షరం అక్షరం చదవాలి. ఆధార్‌లో పుట్టిన సంవత్సరమే ఉంటే సంవత్సరమే వేయించండి, జనవరి 1 అని కల్పించొద్దు. ప్రాణం పోయింది అర్ధరాత్రి దాటాకైతే తారీఖు మారుతుంది, తిథి మారకపోవచ్చు. తారీఖు మరణ ధ్రువపత్రం చూసి, తిథి అయ్యగారిని అడిగి, రెండూ రాయించండి. సంవత్సరీకానికి పిల్లలు చూసేది ఆ తిథినే.

రిపేరుకు, ప్రింటుకు, ఫ్రేముకు ధర విడివిడిగా చెప్పించుకోండి. బాగుచేసిన ఫైలుతోపాటు రిపేరుకు ముందు స్కాన్ కూడా పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు తలా ఒక కాపీ వేయించుకోవచ్చు. దినాల హడావిడిలో మంచి రిపేరు కాదు. అప్పటికి ఉన్న ఫొటోతో ఒక ప్రింటు తీయించి, అసలు పని తర్వాత నిదానంగా ఇవ్వండి. పెత్రమాస (పితృ అమావాస్య) దగ్గరపడితే దుకాణంలో నిలబడ సందు ఉండదు. పెద్దలకు బియ్యం ఇచ్చే నాటికి పటం గోడ మీద ఉండాలంటే వినాయక చవితి లోపే ఫొటో ఇచ్చేయాలి.