ఆరున్నరకు నాలుగున్నర, పదకొండుకు రెండు: ఓరుగల్లు చుట్టూ కల్లు యాత్ర

హైదరాబాద్‌లో నెలకోసారైనా ఏదో ఒక మైక్రోబ్రూవరీకి పోయి, ఆరు చిన్న గ్లాసుల ట్రే ముందు పెట్టుకుని మార్కులు వేసుకునే బాపతు మనిషిని నేను. హెఫెవైజెన్ అనే గోధుమ బీరులో అరటిపండు వాసన తేలిందా, స్టౌట్ అనే నల్ల బీరులో కాఫీ చేదు ఎక్కువైందా, అన్నీ ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటాను. సంక్రాంతికి హనుమకొండ నుంచి మా ఇంటికొచ్చిన బావ ఆ పుస్తకం తిరగేసి, "బెల్జియం బీరుకు సుత మార్కులేసినవ్, మనూరి కల్లుకు ఏవి బామ్మర్దీ?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు తాత లొట్టిలోంచి, అంటే కల్లు కుండలోంచి, దొంగతనంగా రెండు గుక్కలు తాగి వాంతి చేసుకున్నదే నా అనుభవం.

ఫిబ్రవరి రెండో వారంలో శుక్రవారం సాయంత్రం బయల్దేరి, ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా పెట్టుకున్నాం. ఈత కల్లు ఇంకా ఉంటుంది, తాటిచెట్లలో పోద్దాళ్లు (మగ తాళ్లు) పారుతుంటాయి, ఎండ ముదరదు. డ్రైవర్‌తో సహా కారు మాట్లాడుకున్నాం. ఈ యాత్రలో ఖర్చు తగ్గించుకోకూడని చోటు ఇదొక్కటే. మా డ్రైవర్ మాంసం కూడా ముట్టని మనిషి. మేం మండువలో (చెట్ల దగ్గర కల్లు తాగే చోట) కూర్చున్నంత సేపూ కారులో పాటలు వింటూ మక్క గుడాలు తిన్నాడు. సర్వీసుకు ఐదుకు ఐదు.

హనుమకొండలో బస చేసిన లాడ్జికి మాత్రం రెండు. గది శుభ్రంగానే ఉంది. కానీ పొద్దున ఐదున్నరకు బయటపడదామంటే గేటుకు తాళం, కౌంటర్లో మనిషి లేడు. అతను లేచి, బిల్లు రాసి, అడ్వాన్సు తిరిగిచ్చేసరికి ఎనిమిదైంది. ఎలాగూ ఆలస్యమైందని వేయి స్తంభాల గుడికి వెళ్లాం. 1163లో కట్టిన గుడి, నల్లరాతి నంది మీద పొద్దుటెండ పడుతుంటే బాగుంది. పొద్దున ఎనిమిదికి బయటపడటం ఎంత నష్టమో అప్పటికి నాకు తెలియదు.

పదకొండుకు ఊరి చివర ఒక దుకాణానికి వెళ్లాం. పేరెందుకు గానీ, రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు, సీసాల్లో నింపి పెట్టిన కల్లు. సుద్ద కలిపినట్టు తెల్లగా ఉంది. మొదటి గుక్కకే నాలుక మీద ఒక తీపి అంటుకుని పోదు, సాకరిన్ తీపి. నురగ గ్లాసులో పోయగానే చచ్చిపోయింది. బావ వాసన చూసి కింద పెట్టేశాడు. నేను మార్కులేయాలన్న పిచ్చిలో సగం గ్లాసు తాగాను. అరగంటకు తల దిమ్మెక్కి, పెదాలు మొద్దుబారినట్టయ్యాయి. అందులో ఏం కలిసిందో నేను పరీక్ష చేయించలేదు. కానీ క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపిన కల్లు తాగి జనం ఆసుపత్రుల పాలైన వార్తలు మన దగ్గర కొత్త కాదు. చెట్టు కనబడని చోట కల్లు తాగొద్దన్నది బావ సూత్రం. దీనికి మార్కులు వేయలేదు, పేజీ మీద అడ్డగీత కొట్టాను.

మధ్యాహ్నం ములుగు దారి పట్టాం. పాలంపేటలో రామప్ప గుడి దగ్గర గంటన్నర. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, శనివారం కాబట్టి ఇంకా. గుడి గురించి రాసేవాళ్లు బోలెడంత మంది ఉన్నారు, నేను మళ్లీ రాయను. నా పని అక్కడి నుంచి లోపలికి వెళ్తే వచ్చే ఒక చిన్న ఊళ్లో ఉంది: జీలుగు కల్లు.

జీలుగు చెట్టును నేను దగ్గరగా చూడటం అదే మొదలు. ఆకులు చేప తోక చీల్చినట్టుంటాయి. జడల్లాంటి గెలలు వేలాడుతుంటాయి. దీని సంగతి విచిత్రం. మొదటి గెల తల దగ్గర వేస్తుంది, తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద, అలా దిగుకుంటూ వచ్చి చివరి గెల అయిపోగానే చెట్టు చచ్చిపోతుంది. అంటే మనం తాగేది చెట్టు బతుకంతా దాచుకున్నది. చెట్టుకు ఒక పొడవాటి వెదురు కట్టి ఉంది, కణుపుల దగ్గర కాళ్లు పెట్టడానికి. సాయంత్రం ఐదింటికి ఆ చెట్టు గీసే పెద్దాయన ఎక్కి, దించిన కుండ నేరుగా మా ముందు పెట్టాడు.

తియ్యగా ఉంది, కానీ ముంజల నీళ్ల తీపి కాదు. కొంచెం జిగురు. గొంతులో దిగాక లేత కొబ్బరి రుచి మిగిలింది. పులుపు దాదాపు లేదు. నా నోట్‌బుక్‌లో "గోధుమ బీరు తాగే వాళ్లకు నచ్చుతుంది" అని రాసుకున్నాను. సీసాకు 150 తీసుకున్నాడు. హైదరాబాద్‌లో చిన్న గ్లాసు బీరుకు దానికి రెండింతలు ఇస్తాను, కాబట్టి బేరమాడలేదు. బావ ఆడబోతే మోచేత్తో పొడిచాను. నాలుగు మార్కులు. ఐదు ఎందుకు కాదంటే, మూడో గ్లాసుకు ఆ తీపి మొహం మొత్తింది.

ఒక మాట: మేడారం జాతర రోజుల్లో ఈ రోడ్డు జోలికి రావద్దు. గద్దెల దాకా వెళ్లేవాళ్లకు అది మొక్కు, మనకు ట్రాఫిక్ జాము.

శనివారం రాత్రికి లాడ్జి వద్దనుకున్నాం. బావ వాళ్ల మేనత్త ఊరు రఘునాథపల్లి దగ్గర. తొమ్మిదిన్నరకు చేరేసరికి ఆ అత్తమ్మ సర్వపిండి కాలుస్తూ కూర్చుంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఉల్లాకు వేసి, గిన్నె అడుగుకు అద్ది, వేలితో బొక్కలు పెట్టి, నూనె చుక్కలు వదిలి కాల్చింది. అంచు కరకర, మధ్యలో మెత్తన. ఆరుబయట నులక మంచం, ఒక దుప్పటి, దోమలు. బసకు నాలుగు, దోమలకు ఒకటి తీసేశాను. సర్వపిండికి ఐదు.

పొద్దున ఐదున్నరకు బావ లేపాడు. తాళ్లలోకి పొలం గట్ల మీద పది నిమిషాల నడక. గౌడ్ అప్పటికే చెట్టు మీద ఉన్నాడు. నడుముకు మోకు (చెట్టెక్కే తాడు), కాళ్లకు గుదిబంధం (కాళ్లకు వేసుకునే కట్టు), వెనక కత్తులు పెట్టుకునే ముత్తాదులో గీత కత్తులు, పక్కన వేలాడే లొట్టి. రెండు అరచేతులు పెట్టి ఒళ్లు పైకి లాగడం, కాళ్లు పైకి జరపడం, మళ్లీ చేతులు. పైనుంచి కత్తి శబ్దం వినిపిస్తోంది, సర్ సర్ మని. గెలను ప్రతిసారీ గోరంత మందాన మాత్రమే చెక్కాలి. ఎక్కువ కోస్తే గెల తొందరగా అయిపోతుంది, తక్కువ కోస్తే ఊట రాదు. ఇలా రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కో మనిషి ఎన్నో చెట్లు. జారి పడి నడుం విరిగిన వాళ్లు ఊరికొకరు కనిపిస్తారు. ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఈయన మాత్రం పాత మోకుతోనే ఎక్కాడు. అడిగితే, "అలవాటు సారూ" అన్నాడు.

దించిన లొట్టిని నేను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు వాసన చూస్తుంటే ఆయన నవ్వాడు.

"గట్ల వాసన జూస్తున్నరేంది సారూ? కల్లుకు అత్తరు పెడ్తమా?"

గ్లాసు అడిగాను. ఇవ్వలేదు. తాటాకు రేకను దోనెలా మడిచి నా రెండు చేతుల్లో పెట్టి, ఒక కొస నోటికి ఆనించుకోమన్నాడు. లొట్టి వంచి మీద నుంచి పోశాడు. పోసేవాడు ఆగడు, తాగేవాడు ఊపిరి తీసుకోవాలంటే తల పక్కకు తిప్పాలి. నాకా సంగతి తెలియక మోచేతుల దాకా కారబెట్టుకున్నాను. నురగలో రెండు తేనెటీగలు తేలుతున్నాయి. వాటిని ఊది పక్కకు నెట్టి తాగాలి. రెండో రేకకు ఒడుపు దొరికింది.

అది పోద్దాటి కల్లు, అంటే మగతాటిది. చల్లగా, పల్చగా, మొదట తీపి, వెంటనే నాలుక అంచుల మీద సన్నని చురుకు, చివర్లో పచ్చి తాటాకు వాసన. బుడగలు మెత్తగా ఉన్నాయి, సోడాలా గుచ్చడం లేదు. ఆరున్నరైంది. నాలుగున్నర మార్కులు. ఆ నోట్‌బుక్‌లో అంతకు మించి వేసినవి రెండే ఉన్నాయి.

అప్పుడు నాకో బుద్ధి పుట్టింది. అదే లొట్టిలో సగం కల్లు పక్కన పెట్టమని అడిగాను, ఎండ ఎక్కాక మళ్లీ తాగుతానని. గౌడ్ నన్ను జాలిగా చూశాడు, కానీ పెట్టాడు. ఈలోగా ఈత కల్లు. కొంచెం చిక్కన, తీపి ఎక్కువ, చురుకు తక్కువ. మూడున్నర. చలికాలం నడిమధ్యలో వస్తే ఇంకో మార్కు పడేదని బావ వాదన. తొమ్మిదికి లొట్టిలోది మళ్లీ తాగాను. తీపి సగానికి పోయి, నిమ్మకాయ పులుపు వచ్చింది. బీరు భాషలో సోర్. నాకు ఇష్టమే, మూడున్నర. పదకొండుకు గొంతు పట్టే పులుపు, పచ్చి పిండి వాసన, తాగితే త్రేన్పు. రెండు. అదే చెట్టు, అదే లొట్టి.

కారణం పెద్ద రహస్యమేం కాదు. బీరుకు ముందు గింజలోని పిండిని చక్కెరగా మార్చాలి, అందుకే మాల్టు, వేడినీళ్లు, అంత సామాను. తాటి ఊటలో చక్కెర ముందే ఉంది, 10 నుంచి 15 శాతం. లొట్టికి అంటుకున్న పాత ఈస్టు, గాలిలోది, తేనెటీగల కాళ్లది అన్నీ కలిసి చెట్టు మీదే పని మొదలుపెడతాయి. కొన్ని గంటల్లో నాలుగైదు శాతం ఆల్కహాల్, వెనకాలే లాక్టిక్ బాక్టీరియా పులుపు, ఆఖరికి సిర్కా, అంటే వెనిగర్. రాత్రి చలి ఆ పరుగును కాస్త ఆపుతుంది, ఎండ తోలుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అసలు పులవదు, అది నీరా. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ బీరును కూడా ఇలాగే గాలిలోని ఈస్టుకు వదిలేస్తారు, కానీ వాళ్లు ఏళ్ల తరబడి పీపాల్లో దాస్తారు. మన గౌడ్‌కు ఉన్నది మూడు గంటలు.

అందుకే ఈ యాత్రకు వచ్చేవాళ్లు హోటల్ రేటింగులు చూడటం మానేసి, చెట్టుకు ఎంత దూరంలో పడుకుంటున్నారో చూసుకోవాలి. హనుమకొండలో ఏసీ గది తీసుకుంటే మీకు దొరికేది పదకొండు గంటల కల్లే. జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ వైపు చుట్టాలుంటే ఫోన్ చేయండి. లేకపోతే గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో లాడ్జిలో దిగేటప్పుడే అడగండి.

మండువలో తిండికి మూడు. గుడాలు బాగున్నాయి, బోటీ వేపుడు మాడింది. వండినామె "మీరు కల్లు మీద పడ్డరు, పిలిస్తే రాకపోతిరి" అంది, నిజమే.

తిరిగొచ్చే దారిలో ఖిలాషాపూర్ ఆగాం, హైవే నుంచి కొద్ది దూరమే. సర్వాయి పాపన్న కోట ఇక్కడిదే. కల్లు గీసే ఇంట్లో పుట్టి, మొగలుల మీద తిరగబడి, 1708లో మొహర్రం సందడిలో ఓరుగల్లు మీద పడ్డ మనిషి. 1710లో పట్టుకుని చంపారు. ఊరి మధ్యలో రాతి బురుజులు ఎత్తుగా లేచి ఉన్నాయి. టికెట్టు లేదు, చెప్పే మనిషి లేడు, బోర్డు మీద సమాచారం చాలదు. బావ గోడను కింది నుంచి మీదికి చూసి, "మోకు ఉంటే మనోడికి ఇది ఒక లెక్కనా" అన్నాడు. చోటుకు నాలుగు, ఏర్పాట్లకు ఒకటి. నీడ లేదు, మధ్యాహ్నం వెళ్లొద్దు.

ఇంటికి తీసుకుపోదామని పొద్దుటి కల్లు ఒక లీటరు ప్లాస్టిక్ సీసాలో పోయించుకున్నాను. గౌడ్ మూత వదులుగా పెట్టి, "బిగించకుర్రి" అని రెండుసార్లు చెప్పాడు. కారులో ఒలుకుతుందని నేనే బిగించాను. ఆలేరు దాటాక సీసా ఉబ్బి గట్టిపడింది. భువనగిరి దగ్గర చేతిలోకి తీసుకుని మూత కొంచెం తిప్పానో లేదో, ఎగిరిపోయి కారు కప్పుకు తగిలింది. సగం సీసా డ్రైవర్ చొక్కా మీద, సగం సీటు మీద. మాంసం కూడా ముట్టని ఆ మనిషి కల్లు వాసనతో అద్దాలన్నీ దించుకుని ఉప్పల్ దాకా ఒక్క మాట మాట్లాడకుండా నడిపాడు. సీటు కవర్లు ఉతికించడానికి 300 ఇచ్చాను. దాన్ని కూడా ఖర్చుల్లో కలుపుకోండి.