ఇంగ్లాండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల డాక్టర్: ఏళ్లుగా చూపించుకున్నాక నా అభిప్రాయం

ఇంగ్లాండ్‌లో ఏళ్లుగా ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ) డెంటిస్టు దగ్గరే పళ్లకు వైద్యం చేయించుకుంటున్నాను. మా ఇంట్లో అందరికీ అక్కడే. మంచి డాక్టరు కుదిరితే వైద్యం బాగుంటుంది, ఎంత ఖర్చవుతుందో ముందే తెలుస్తుంది. ఆ డాక్టరు కుదరడమే గగనం. స్కాట్లాండ్, వేల్స్‌లలో పద్ధతులు వేరు కాబట్టి ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లాండ్‌కే వర్తిస్తుంది.

కొత్తగా వచ్చిన మనవాళ్లలో చాలామంది, వీసాతో పాటు హెల్త్ సర్‌చార్జ్ కట్టాం కదా, పళ్లకు కూడా ఉచితమే అనుకుంటారు. కాదు. సర్‌చార్జ్ కట్టినవాళ్లయినా ఇక్కడివాళ్లలాగే ఎన్‌హెచ్‌ఎస్ పళ్ల రేట్లు కట్టాల్సిందే. జీపీ, అంటే మామూలు జబ్బులకు చూసే ఫ్యామిలీ డాక్టరు దగ్గర పేరు నమోదైనట్టుగా ఇక్కడ శాశ్వత నమోదు ఉండదు. మొదలుపెట్టిన చికిత్స పూర్తయ్యేవరకే ఆ క్లినిక్ బాధ్యత. మళ్లీ పిలుస్తారా లేదా అన్నది వాళ్ల ఇష్టం. అందుకే ఎన్‌హెచ్‌ఎస్ పేషెంటుగా సీటు దొరికాక చెకప్‌లు మానకుండా వెళ్లడం ముఖ్యం. చాలాకాలం కనబడకపోతే జాబితాలోంచి పేరు తీసేసే క్లినిక్‌లు ఉన్నాయి.

వెతకడం మొదలుపెట్టాల్సింది ఎన్‌హెచ్‌ఎస్ వెబ్‌సైట్‌లోనే. పోస్ట్‌కోడ్ కొడితే దగ్గర్లోని క్లినిక్‌లు వస్తాయి. పెద్దవాళ్లను తీసుకుంటున్నారా, పిల్లలనే తీసుకుంటున్నారా అన్నది పక్కనే రాసి ఉంటుంది. చాలా క్లినిక్‌ల దగ్గర మాత్రం ఇటీవల సమాచారం ఇవ్వలేదని ఉంటుంది. అలాంటివాటిని వదిలేయకండి, ఫోన్ చేయండి. మాకు సీటు దొరికింది అలాంటి చోటే. అడిగేటప్పుడు ‘కొత్త పేషెంట్లను తీసుకుంటున్నారా’ అంటే లాభం లేదు. ప్రైవేటుకైతే ఎవరైనా అవునంటారు. ‘ఎన్‌హెచ్‌ఎస్ కింద కొత్తగా పెద్దవాళ్లను తీసుకుంటున్నారా, లేకపోతే వెయిటింగ్ లిస్టులో పేరు రాస్తారా’ అని విడమరిచి అడగాలి. జీపీకి ఉన్నట్టు ఏరియా హద్దులు దీనికి లేవు. రైల్లో అరగంట దూరమైనా పర్వాలేదనుకుంటే వెతికే పరిధి బాగా పెరుగుతుంది. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో మూతపడిన క్లినిక్ మళ్లీ తెరుచుకుంటే, ఎన్‌హెచ్‌ఎస్ సీటు కోసం వందలమంది వీధి పొడవునా నిలబడ్డారు. పోలీసులు రావాల్సి వచ్చింది. పెద్ద ఊళ్లలోనే అంత కరువు ఉన్నప్పుడు దగ్గర్లో దొరకలేదని నిరాశపడి మానేయకూడదు.

ఈ కరువుకు మూలం 2006లో వచ్చిన కాంట్రాక్టులో ఉంది. డాక్టర్లకు డబ్బు యూడీఏ అనే యూనిట్ల లెక్కన, అంటే చేసిన పనిని కొలిచే పాయింట్ల లెక్కన వస్తుంది. చెకప్‌కు ఒక యూనిట్. ఫిల్లింగ్ అయితే మూడు. ఏళ్ల తరబడి పద్ధతి ఇదే: ఒక పంటికి ఫిల్లింగ్ చేసినా, అయిదు పళ్లకు చేసినా, గంటకు పైగా కూర్చుని దవడ పంటికి రూట్ కెనాల్ చేసినా అవే మూడు యూనిట్లు. 2022 నవంబరులో కొంత మార్చారు: మూడు లేదా అంతకు మించిన పళ్లకు పని చేస్తే అయిదు, దవడ పంటి రూట్ కెనాల్‌కు ఏడు. అయినా ఎన్నాళ్లుగానో డాక్టరును చూడని నోటిని బాగుచేయడానికి పట్టే సమయానికి ఆ డబ్బు చాలదు. కొత్తవాళ్లనగానే క్లినిక్‌లు వెనకాడడానికి ఇదొక పెద్ద కారణం. ఏడాదికి ఇన్ని యూనిట్లని ముందే ఒప్పందం ఉంటుంది. అవి అయిపోతే ఎన్‌హెచ్‌ఎస్ పని ఆగుతుంది, చేసిన యూనిట్లు ఒప్పందం కంటే బాగా తగ్గితే డబ్బు వెనక్కి ఇవ్వాలి. కాంట్రాక్టు సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కాబట్టి, అంతకుముందు కాదన్న చోట్లకు కూడా ఆ నెలలో మళ్లీ ఫోన్ చేయమని నా సలహా.

మనం కట్టేది మాత్రం సులువుగా అర్థమవుతుంది, అది బ్యాండ్లు అనే మూడు అంచెల్లో ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం చెకప్, ఎక్స్‌రేలతో మొదటి బ్యాండ్ 27.40 పౌండ్లు. ఫిల్లింగులు, రూట్ కెనాల్, పన్ను పీకడం ఉండే రెండో బ్యాండ్ 75.30. క్రౌన్ (పంటికి తొడిగే క్యాప్), కట్టుడు పళ్లు, బ్రిడ్జి ఉండే మూడో బ్యాండ్ 326.70. ఒక చికిత్సకు ఒకే బ్యాండు, పైన ఇంకేం ఉండదు. ఎక్స్‌రే తీసి, పిప్పి పళ్లన్నిటికీ ఫిల్లింగ్ చేసి, ఒకటి పీకినా అదే రెండో బ్యాండు రేటు.

మంచి డాక్టరును గుర్తుపట్టడం గురించి ఎక్కువ చెప్పాలి. ఇంతకుముందు వెళ్లిన ఒక క్లినిక్‌లో, రూట్ కెనాల్ ఎన్‌హెచ్‌ఎస్‌లో కుదరదు, ప్రైవేటులో చేయించుకోండి, లేదంటే పీకేస్తాం అన్నారు. చాలా కోపం వచ్చింది. నోటి ఆరోగ్యానికి వైద్యపరంగా అవసరమైన చికిత్స ఏదైనా ఎన్‌హెచ్‌ఎస్‌లో ఇవ్వాలి, రూట్ కెనాల్ కూడా అందులోదే. పని మరీ కష్టమైతే స్పెషలిస్టుకు రాయవచ్చు, అది వేరే సంగతి. ఇప్పటి మా డాక్టరమ్మ ఎక్స్‌రే స్క్రీన్ మీద పెట్టి పుచ్చు ఎంత లోతుకు దిగిందో చూపిస్తారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏం చేస్తారో, ప్రైవేటులో అదనంగా ఏం వస్తుందో, ఏది ఎంతో కాగితం మీద రాసి ఇస్తారు. సంతకం ఇప్పుడే పెట్టమని తొందరపెట్టరు. దవడ పంటికి తెల్ల ఫిల్లింగ్ కావాలంటే ప్రైవేటే అని చెప్పి, ‘పన్ను నిలవడానికి మెటల్‌ది చాలు, రంగు కోసమే ఆలోచించుకోండి’ అన్నారు. నాకు నమ్మకం కుదిరింది ఆ మాటతోనే.

ఇంకో గుర్తు, మళ్లీ ఎప్పుడు రమ్మంటారన్నది. వైద్య ప్రమాణాలు సూచించే ప్రభుత్వ సంస్థ నైస్ మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు చెకప్‌ల మధ్య వ్యవధి 3 నెలల నుంచి 24 నెలల దాకా ఉండొచ్చు, అది నోటి పరిస్థితిని బట్టి తేల్చాలి. నా చిగుళ్లలోంచి రక్తం వచ్చే రోజుల్లో త్వరగా రమ్మనేవారు. బాగుపడ్డాక వ్యవధి పెంచారు. అందరినీ కళ్లు మూసుకుని ఆర్నెల్లకోసారి పిలిచే చోట నాకు అంత గురి ఉండదు.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ హడావుడిగా సాగుతుంది, ప్రశ్నలు ముందే రాసుకుని వెళ్లకపోతే అడగకుండానే బయటికి వచ్చేస్తాం. ఫిల్లింగుకు వారాల తరబడి ఆగాలి. గార తీయడం అవసరమైతేనే ఎన్‌హెచ్‌ఎస్‌లో చేస్తారు, మెరుపు కోసం అంటే ప్రైవేటే. ఒకసారి వేసిన ఫిల్లింగ్ కొన్ని నెలలకే ఊడిపోయి టెన్షన్ పడ్డాను. ఫిల్లింగ్, రూట్ కెనాల్, క్రౌన్ లాంటివి 12 నెలల లోపు పాడైతే సాధారణంగా అదే క్లినిక్ ఉచితంగా మళ్లీ చేయాలి. మా రిసెప్షన్‌లో ఆ సంగతి మనం గుర్తుచేయకుండానే చెప్పారు, డబ్బు తీసుకోలేదు.

గర్భిణులకు, కాన్పయ్యాక 12 నెలల వరకు తల్లులకు ఈ వైద్యం ఉచితం. మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ మిడ్‌వైఫ్‌ను అడిగి ముందే తీసుకోవాలి. అర్హత లేకుండా ఫారంలో ఉచితమని టిక్ పెడితే 100 పౌండ్ల దాకా జరిమానా పడుతుంది. చదువుకోవడానికి వచ్చే మన పిల్లల్లో ఎక్కువమందికి 19 దాటి ఉంటాయి కాబట్టి ఉచితం రాదు. ఆదాయం తక్కువైతే, చార్జీల్లో సాయం కోరే హెచ్‌సీ1 ఫారం పెట్టుకుని చూడొచ్చు. ఎక్కడా సీటు లేకుండా నొప్పి, వాపు వస్తే ఎన్‌హెచ్‌ఎస్ హెల్ప్‌లైన్ 111కు ఫోన్ చేయాలి. అత్యవసరంగా చూసేందుకు ఎక్కడికి వెళ్లాలో వాళ్లు చెబుతారు, దానికి మొదటి బ్యాండు రేటే పడుతుంది.